ఒక్కో కణంలో లోహం కొలవాలంటే ముందు కడగడం నేర్చుకోండి

సిస్‌ప్లాటిన్ (ప్లాటినం ఉన్న క్యాన్సర్ మందు) ఇచ్చిన క్యాన్సర్ కణాలన్నిటినీ యాసిడ్‌లో కరిగించి, వచ్చిన ప్లాటినాన్ని కణాల సంఖ్యతో భాగిస్తే చాలదా అని అడిగారు. చాలదు. అన్నీ సమానంగా మందు తీసుకున్నా, సగం కణాలు రెట్టింపు పీల్చుకుని మిగతా సగం ముట్టకపోయినా సగటు ఒకటే వస్తుంది. మనం వెతికేది ఆ ముట్టనివాటినే.

కణాల్ని ఒక్కొక్కటిగా వేడి ప్లాస్మాలోకి పంపి, ఒక్కో దానిలోని లోహాన్ని ఒక్కో పీకుగా (ఒక్కసారి లేచిపడే సిగ్నల్‌గా) చూపించే పద్ధతి సింగిల్ సెల్ ఐసీపీ-ఎంఎస్. ఆ పేరు అనగానే అందరూ మెషీన్ ధర అడుగుతారు. పని చెడేది మాత్రం ట్యూబులోనే. ట్రిప్సిన్ ఎంజైముతో పాత్ర అడుగు నుంచి లేపిన కణాల్ని సెంట్రిఫ్యూజ్‌లో 300 జీ (గురుత్వాకర్షణకు 300 రెట్లు) దగ్గర 5 నిమిషాలు తిప్పి, చల్లటి పీబీఎస్‌తో (కణాలకు సరిపడే ఉప్పు ద్రావణంతో) మూడుసార్లు కడగాలి. చివరిసారి కడిగిన పైనీటిని విడిగా మెషీన్‌లో పెట్టి చూడండి. ప్లాటినం ద్రవ్యరాశి అయిన 195 దగ్గర బేస్‌లైన్ (పీకులు లేనప్పుడూ ఉండే అడుగు సిగ్నల్) ఇంకా ఎత్తుగా ఉంటే మళ్లీ కడగాల్సిందే. ఉప్పు గొడవెందుకని డీఅయొనైజ్డ్ నీళ్లలో కలిపారో, కణాలు ఉబ్బి పగులుతాయి. అప్పుడు స్క్రీన్ మీద పీకులు పొట్టివై, వాటి కింద బేస్‌లైన్ లేస్తుంది. పీబీఎస్‌కీ ఓ తంటా ఉంది: బోరు నీళ్ల కుళాయికి పట్టినట్టు మెషీన్‌లోకి అయాన్లు వెళ్లే సన్నటి రంధ్రమున్న కోన్ చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుని సిగ్నల్ పడిపోతుంది. శాంపిల్‌కీ శాంపిల్‌కీ మధ్య రిన్స్ మానకండి.

తర్వాత 40 మైక్రాన్ల స్ట్రెయినర్‌లో వడకట్టి, మిల్లీలీటరుకు లక్ష కణాలు ఉండేలా పలచన చేయండి. నిమిషానికి 10 మైక్రోలీటర్లు పంపితే వెయ్యి కణాలు బయల్దేరతాయి. 300 పీకులు కనిపిస్తే కణాల ఎఫిషియెన్సీ, అంటే పంపినవాటిలో ప్లాస్మా దాకా చేరినవాటి వంతు, 30 శాతం. డ్వెల్ టైమ్ (ఒక్కో రీడింగ్ తీసుకునే సమయం) 50 మైక్రోసెకన్లు పెడితే ఒక్కో కణం ఏడెనిమిది పాయింట్లుగా కనిపిస్తుంది. 10 మిల్లీసెకన్లు పెడితే రెండు కణాలు ఒకే పీకులో పడే ప్రమాదం ఉంది. 50 మైక్రోసెకన్ల దగ్గర, నిమిషానికి ఇన్నే కణాలు వెళ్తుంటే, అవి యాదృచ్ఛికంగా కలవడం అరుదే. జంట పీకులు ఎక్కువగా కనిపిస్తే అవి అతుక్కున్న కణాలని అనుమానించి, పైపెట్‌తో మెల్లగా విడదీయండి.

60 నానోమీటర్ల బంగారు రేణువులతో తేల్చిన ఎఫిషియెన్సీని కణాల సంఖ్య లెక్కకూ వాడేస్తుంటారు, అదే నాకు ఒళ్లు మండే విషయం. ఆ రేణువు బరువు దాదాపు 2.2 ఫెమ్టోగ్రాములు. కణమేమో పది మైక్రాన్లకు పైబడిన మెత్తటి సంచి, ద్రవాన్ని తుంపరగా మార్చి పంపే స్ప్రే చాంబర్ గోడకు తగిలి పోతుంది. రేణువుల ఎఫిషియెన్సీ ద్రావణం స్టాండర్డ్‌కు (తెలిసినంత లోహం కరిగించిన ద్రావణానికి), అంటే ఒక్కో పీకులోని లోహం బరువు లెక్కకు పనికొస్తుంది. సంఖ్య లెక్కకు మాత్రం హీమోసైటోమీటర్‌తో (గళ్లున్న గాజు పలకపై మైక్రోస్కోపులో చూసి) లెక్కపెట్టిన కణాలే ఆధారం.

మీరన్న కరిగించే పద్ధతిని పారేయొద్దు. అదే బ్యాచ్‌లో కొన్ని లక్షల కణాల్ని నైట్రిక్ యాసిడ్‌లో కరిగించి సగటు తీయండి. పీకుల సగటు దానికంటే బాగా తక్కువొస్తే కణాలు కారుతున్నాయి, లేదా గ్యాస్‌తో తుంపర చేసే నెబ్యులైజర్‌లో పగులుతున్నాయి. గ్యాస్ ఫ్లో తగ్గించి మళ్లీ చూడండి.