ఆయిల్‌లో పెట్రోలు వాసన

ప్రశ్న: మాస్టారూ, మూడు నెలల కిందట 1965 షెవర్లే ఇంపాలా కొన్నాను. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన 283 (క్యూబిక్ అంగుళాల) ఇంజనే అన్నాడు అమ్మినాయన. మొన్న డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ గీత దాటి పైకొచ్చింది, పైగా పెట్రోలు వాసన. ఫ్యూయల్ పంపు పోయిందని చెప్పిన మెకానిక్కే ‘ఇది 283 కాదు, 350’ అంటున్నాడు. ఏ ఇంజనో తేలకుండా పంపు ఎలా కొనాలి? నేనే మార్చుకోగలనా?
– ఒక పాఠకుడు, టెక్సాస్

జవాబు: ముందు బండి స్టార్ట్ చేయడం ఆపండి. పంపు లోపలి డయాఫ్రం (పెట్రోలుని తోసే రబ్బరు పొర) చిరిగితే పెట్రోలు ఇంజను ఆయిల్లోకి దిగిపోతుంది. ఆ పల్చటి ఆయిల్‌తో నడిపితే బేరింగులు అరిగిపోతాయి. పాతకాలపు రబ్బరుకి ఇప్పటి ఇథనాల్ కలిపిన పెట్రోలు పడదు లెండి.

ఇక ఇంజను సంగతి. మీ కారు గుర్తింపు నంబరు (VIN, నంబరు ప్లేటు మీదిది కాదు) 164తో మొదలైతే వీ8తో, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజనుతో పుట్టిన ఇంపాలా, 163 అయితే ఆరు సిలిండర్లది. ఇంజను గురించి అంతకుమించి ఆ నంబరు చెప్పదు. వాల్వ్ కవర్ బోల్టులు లెక్కపెట్టండి. ఒక్కో కవరుకి నాలుగుంటే స్మాల్ బ్లాక్ (షెవర్లే చిన్న వీ8ల కుటుంబం), ఏడుంటే 396 లాంటి బిగ్ బ్లాక్ (పెద్ద వీ8). 283, 327, 350 మూడూ స్మాల్ బ్లాకులే, పైకి కవల పిల్లల్లా ఉంటాయి. ఆయిల్ పోసే గొట్టం ఇన్‌టేక్ (కార్బ్యురేటర్ కూర్చునే భాగం) ముందు వైపు ఉంటే పాతది, 1968 నుంచి అది వాల్వ్ కవరు మీదకి మారింది. అయితే ఇన్‌టేకూ కవర్లూ ఎవరైనా మార్చేసి ఉండొచ్చు, దాన్నిబట్టి తీర్పు ఇవ్వకండి.

నమ్మాల్సింది బ్లాకు (సిలిండర్లుండే ఇంజను దిమ్మ) వెనక, డ్రైవర్ వైపు, గేర్‌బాక్స్ కలిసే అంచు మీద పోతపోసిన నంబరు. చిన్న అద్దం, టార్చి, వైర్ బ్రష్ కావాలి. అక్కడ 3970010 అని ఉంటే అది 1969 నుంచి వచ్చిన బ్లాకు, చాలామటుకు 350. పోత తేదీ కూడా దొరుకుతుంది. సి 12 5 అంటే మార్చి 12 (సి మూడో అక్షరం, మార్చి మూడో నెల), ఏడాదికి చివరి అంకె 5. అది 1965 కావచ్చు, 1975 కావచ్చు! అందుకే నంబరూ తేదీ కలిపి చూడాలి.

అయితే పంపు కోసం ఇంత పరిశోధన అక్కర్లేదు. మీది స్మాల్ బ్లాకయితే చాలు, 283కైనా 350కైనా బిగింపు ఒకటే. పాత పంపు చేతిలో పట్టుకుని గొట్టాల సైజు, అవి తిరిగిన దిక్కు, ట్యాంకుకి తిరిగెళ్లే మూడో గొట్టం ఉందా లేదా చూసుకుని కొనండి.

మార్చడం మీ వల్ల అవుతుంది. ఇంజను చల్లారాక బ్యాటరీ తీసేసి, ట్యాంకు నుంచి వచ్చే రబ్బరు గొట్టాన్ని బిగించి మూయండి. అసలు తిప్పలు పంపుకీ క్యామ్‌షాఫ్ట్‌కీ (ఇంజను వాల్వులు తెరిపించే ఇరుసు) మధ్య ఉండే 5¾ అంగుళాల రాడ్‌తోనే. పంపు ఊడగానే అది జారి కిందికొస్తుంది. నేను మొదటిసారి ఓ 327 కింద పడుకుని గంటసేపు దాన్ని వేలితో పైకి తోస్తూ, ఇంకో చేత్తో పంపు ఎక్కించబోయాను. రాడ్‌కి గ్రీజు పూశాను, ఇంజను వేడికి అదీ కారిపోయింది. మోచేతి దాకా నల్లటి ఆయిల్. పక్కన పనిచేసే పెద్దాయన చూసి నవ్వి, బ్లాకు ముందు వైపున్న ఒక పొట్టి బోల్టు ఊడదీయించాడు. ఆ రంధ్రం నేరుగా రాడ్ దాకా పోతుంది. రాడ్‌ని పైకి నెట్టి, ⅜ అంగుళం పొడుగు బోల్టు చేత్తో మెల్లగా తిప్పితే రాడ్ అక్కడే ఆగింది. గట్టిగా బిగిస్తే రాడ్ మీద గాటు పడుతుంది, జాగ్రత్త.

ఆ సంతోషంలో పొడుగు బోల్టు తియ్యడం మరిచిపోయాను. బండి కార్బ్యురేటర్‌లో ఉన్న కాస్త పెట్రోలుతో నడిచి, అది అయిపోగానే ఆగిపోయింది. మీరు పంపు బిగించగానే పాత పొట్టి బోల్టుకి సీలెంట్ రాసి తిరిగి పెట్టండి, లేకపోతే ఆయిల్ కారుతుంది. పంపుకీ బ్లాకుకీ మధ్యుండే ప్లేటుకి ఒకటి, పంపుకి ఒకటి, రెండు గ్యాస్కెట్లూ కొత్తవే వేయండి. ఆయిలూ ఫిల్టరూ మార్చాకే స్టార్ట్ చేయండి.

బ్లాకు వెనక నంబరు చదివాక, అమ్మినాయనకి ఫోన్ చెయ్యాలో వద్దో అప్పుడు చూసుకుందురు గాని.