షేవింగ్ చేస్తే మెడ మీద పొక్కులు... నంబర్లు తిప్పే రేజర్ కొంటే తగ్గుతాయా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 34. ఉద్యోగం వల్ల రోజూ గడ్డం గీసుకోవాల్సిందే. ఐదు బ్లేడ్ల కార్ట్రిడ్జ్ రేజర్ వాడుతున్నాను. నా గడ్డం మందంగా, కాస్త రింగులు తిరిగి ఉంటుంది. దవడ కింద, మెడ మీద ఎర్రటి పొక్కులు వస్తున్నాయి, తగ్గినవి నల్లమచ్చలుగా మిగిలిపోతున్నాయి. డబుల్ ఎడ్జ్ సేఫ్టీ రేజర్‌కి మారమని, అందులోనూ నంబర్లు తిప్పుకునే అడ్జస్టబుల్ రకం కొనమని ఒక స్నేహితుడు అంటున్నాడు. మా బంధువు ఒకాయన తన దగ్గరున్న పాతది ఇస్తానంటున్నారు. ఏది తీసుకోవాలి? ఏ నంబరు మీద పెట్టాలి? గుండె సమస్య వల్ల రోజూ తక్కువ డోసు ఆస్పిరిన్ వేసుకుంటాను. దానివల్ల ఏమైనా ఇబ్బందా?

జవాబు: అసలు విషయం ముందే చెప్పేస్తాను. అడ్జస్టబుల్ రేజర్ మీకు పనికొస్తుంది, కానీ దాన్ని చిన్న నంబరు మీద ఉంచి వాడే ఉద్దేశం ఉంటేనే కొనండి. ఇంకా నున్నగా రావాలని వారానికో నంబరు పెంచుకుంటూ పోయేటట్టయితే ఇప్పుడున్న పొక్కులే మళ్లీ వస్తాయి, పైగా గాట్లు కూడా.

ఎందుకంటారా, మీరు రాసిన లక్షణాలు చాలావరకు సూడోఫాలిక్యులైటిస్ బార్బే అనే సమస్యకి సరిపోతున్నాయి. రింగుల గడ్డం ఉన్నవాళ్లలో ఇది మామూలే. కార్ట్రిడ్జ్‌లో మొదటి బ్లేడు వెంట్రుకని కాస్త పైకి లాగుతుంది, అది మళ్లీ లోపలికి జారుకునేలోపే వెనక బ్లేడ్లు కోసేస్తాయి, దాంతో తెగిన కొస చర్మం మట్టం కంటే కిందకి పోతుంది. చేత్తో తడిమితే నున్నగా ఉంది కదా అని మనం సంబరపడతాం. తిన్నటి వెంట్రుకైతే మళ్లీ దారి చూసుకుని బయటకి వస్తుంది, రింగుల వెంట్రుక మాత్రం తన కుదురు గోడనే పొడుచుకుని పక్కకి దూరుతుంది, లేదా బయటకి వచ్చి వంగి మళ్లీ చర్మంలోకే గుచ్చుకుంటుంది. శరీరం దాన్ని ముల్లు గుచ్చుకున్నట్టే చూస్తుంది, అందుకే ఆ ఎరుపు, వాపు, ఆ తర్వాత నల్లమచ్చ. అంటే మీ సమస్యకి మూలం మరీ నున్నగా గీయడంలోనే ఉంది. డబుల్ ఎడ్జ్ లాంటి ఒకే బ్లేడు ఉండే రేజర్ వెంట్రుకని చర్మం మట్టానికి కోసి వదిలేస్తుంది కాబట్టి చాలామందికి ఉపశమనం ఉంటుంది. అయితే అదే రేజర్‌తో చర్మం లాగిపట్టి, గట్టిగా నొక్కి, మూడుసార్లు రివర్స్ కొడితే తేడా ఏమీ ఉండదు.

ఇక్కడ ఒక సందేహం తీర్చుకోవాలి. పొక్కుల మధ్యలో చీము ఉండి నొప్పి పెడుతుంటే అది బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ కావచ్చు. గుండ్రటి మచ్చలా వ్యాపిస్తూ, పొట్టు రాలుతూ, వెంట్రుకలు పట్టుకుంటే ఊడి వస్తుంటే ఫంగస్ కావచ్చు. ఈ రెండిటికీ ఏ రేజరూ మందు కాదు, చర్మవైద్యుడికి చూపించాకే మిగతా సంగతి.

ఇక రేజర్ గురించి. అడ్జస్టబుల్ రకంలో పిడి చివరో, తల భాగం కిందో ఉన్న చక్రం తిప్పితే బ్లేడు కింద ఉండే పలక పైకీ కిందకీ కదులుతుంది. బ్లేడు అంచుకీ దాని ముందుండే రక్షణ పట్టీకీ మధ్య ఖాళీ పెరగడం, తగ్గడం, అంతే జరిగేది. ఖాళీ పెరిగితే బ్లేడు మీ చర్మానికి ఎక్కువ తగులుతుంది, నురగ, పొడవాటి వెంట్రుకలు సులువుగా దాటిపోతాయి. మూడు నాలుగు రోజులు పెరిగిన గడ్డానికి పెద్ద నంబరు బాగుంటుందని చెప్పేది అందుకే. మీరు రోజూ గీసుకుంటారు కాబట్టి మీకు దాని అవసరమే రాదు.

అందరూ పొరబడేది ఆ నంబర్ల దగ్గరే. అవి ఏ కొలతకీ కట్టుబడినవి కావు. జిల్లెట్ 1950ల చివర్లో తెచ్చిన ఫ్యాట్‌బాయ్ అనే రేజర్ మీద 1 నుంచి 9 దాకా ఉంటాయి, మెర్కూర్ ప్రోగ్రెస్ మీద 1 నుంచి 5, అదే కంపెనీ ఫుటుర్ మీద 1 నుంచి 6. ఒకదాని 3కీ ఇంకోదాని 3కీ సంబంధం లేదు. ఫుటుర్‌ది చిన్న నంబర్ల దగ్గర కూడా దూకుడేనని, అంటే బ్లేడు చర్మానికి గట్టిగానే తగులుతుందని వాడేవాళ్లు చెబుతారు, ప్రోగ్రెస్‌ది మధ్యస్థం. కాబట్టి 'నేను 5 మీద వాడతాను' అని మీ స్నేహితుడు అన్నా అది మీకు ఎందుకూ కొరగాదు. అదేదో మగతనానికి కొలమానంలా నంబరు చెప్పుకునేవాళ్లు ఉంటారు, వాళ్ల మెడ చూసి నిర్ణయించుకోండి.

కొనేటప్పుడు నేనైతే చూసే మొదటి సంగతి పెద్ద నంబరు ఎంత పెద్దదని కాదు, 1 మీద పెట్టినప్పుడు ఎంత మెత్తగా ఉంటుందని. రెండోది, బ్లేడు మార్చే పద్ధతి. ఫ్యాట్‌బాయ్ లాంటి వాటిలో పిడి చివర తిప్పితే పైన రెండు తలుపులు తెరుచుకుంటాయి, బ్లేడు వేసి మూసేయడమే. ఫుటుర్‌లో పై మూతని వేళ్లతో పట్టి లాగి తీయాలి. సబ్బు చేతులతో ఆ పని చేస్తే వేళ్లు తెగుతాయి, ఆస్పిరిన్ వాడే మనిషికి అది నేను సిఫారసు చెయ్యను. మూడోది, తల భాగం మరీ లావుగా ఉంటే ముక్కు కింద, దవడ మలుపులో సరిగ్గా కదలదు. పిడి తడి చేతిలో జారకూడదు. చవకరకం పూత లేచిపోయిన రేజర్ కూడా వద్దు, ముఖ్యంగా వాచీ చెయిన్, బెల్టు బకిల్ తగిలితే దురద వచ్చే చర్మమైతే నికెల్ పడదేమో ముందు చూసుకోవాలి.

చక్రమే ఉండాలన్న పట్టుదల కూడా అక్కర్లేదు. రాక్‌వెల్ 6ఎస్ లాంటి వాటిలో తిప్పే చక్రం ఉండదు, కింది పలకలే మూడు ఇస్తారు, ఒక్కోటి రెండు వైపులా వాడుకోవచ్చు కాబట్టి 1 నుంచి 6 దాకా వస్తాయి. పొద్దున్నే తొందరలో నంబరు మార్చబుద్ధి పుట్టే మనిషి చేతికి నిజానికి ఇదే మంచిది, పలక మార్చాలంటే విప్పాలి కదా! కానీ చక్రం ఉన్నదానికి ఒక లాభం ఉంది, ఒకే షేవింగ్‌లో బుగ్గలకి ఒక నంబరు, మెడకి అంతకంటే చిన్న నంబరు పెట్టుకోవచ్చు. మీలాగా ఇబ్బందంతా మెడ మీదే ఉన్నవాళ్లు అడ్జస్టబుల్ కొనడానికి నాకు కనిపించే అసలైన కారణం ఇదొక్కటే.

పాత రేజర్ తీసుకోవచ్చా అంటే, తీసుకోవచ్చు. చక్రం అన్ని నంబర్ల మీదా తిరుగుతోందా, బ్లేడు వేసి మూశాక రెండు పక్కలా ఖాళీ సమానంగా ఉందా, పలక వంగిందా, తుప్పు పట్టిందా చూడండి. ఒక పక్క ఖాళీ ఎక్కువగా ఉంటే మాత్రం ఎంత ముచ్చటగా ఉన్నా పక్కన పెట్టేయండి. శుభ్రం చేయడానికి గోరువెచ్చటి సబ్బునీళ్లు, పాత టూత్‌బ్రష్, ఆ తర్వాత 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కాసేపు నానబెట్టడం. బ్లీచ్ పోయకండి, లోహం పాడవుతుంది. ఆయన వాడిన బ్లేడు అందులో ఉంటే తీసి పారేయాలి, ఇందులో మొహమాటం వద్దు. హెపటైటిస్ బి వైరస్ శరీరం బయట కనీసం 7 రోజులు బతికి ఉంటుంది, కంటికి కనపడనంత రక్తం అంటినా చాలు. రేజర్ ఒకసారి మీది అయ్యాక ఇంకెవరికీ ఇవ్వకండి.

రేజర్ గురించి ఇంత ఆలోచించేవాళ్లు బ్లేడు గురించి ఆలోచించరు, తేడా ఎక్కువ తెలిసేది మాత్రం అక్కడే. జపాన్ ఫెదర్ బ్లేడుకి బాగా పదునైనదని పేరు, కొత్తవాళ్లు దానితో మొదలుపెట్టకపోవడమే మంచిది. ఆస్ట్రా, డెర్బీ లాంటి వాటిలో రెండు మూడు రకాలు చిన్న ప్యాకెట్లు తెచ్చుకుని, ఒక్కో రకాన్ని కొన్నాళ్లు వాడి చూడండి. 5 నుంచి 7 షేవింగ్‌లకి మార్చేయాలి, మీ గడ్డం మందం కాబట్టి అంతకంటే ముందే మార్చాల్సి రావచ్చు. వెంట్రుక తెగకుండా లాగుతున్నట్టు అనిపిస్తే ఆ బ్లేడు పని అయిపోయినట్టే. బ్లేడు మొద్దుబారిందని నంబరు పెంచడం మాత్రం అస్సలు చేయకండి.

ఇప్పుడున్న పొక్కుల మీదే కొత్త రేజర్ ప్రయోగం మొదలుపెట్టొద్దు. కుదిరితే మూడు నాలుగు వారాలు గడ్డం గీయడం మానేయండి, లోపలికి తిరిగిన వెంట్రుకలు పెరిగి వాటంతట అవే బయటపడతాయి. ఆఫీసులో ఒప్పుకోరంటే ట్రిమ్మర్‌తో ఒక మిల్లీమీటరు ఉంచి కత్తిరించుకోండి. ఉంగరంలా తిరిగి కనపడే వెంట్రుకని శుభ్రమైన సూదితో కొస పైకి లేపి వదిలేయొచ్చు, పట్టకారుతో పీకేస్తే మాత్రం మళ్లీ మొలిచేటప్పుడు అదే గొడవ.

ఆ తర్వాత 1 మీద మొదలుపెట్టండి. గోరువెచ్చటి నీళ్లతో రెండు మూడు నిమిషాలు గడ్డం నానాలి, వెంట్రుక నీళ్లు పీల్చుకుని మెత్తబడితే తెగడానికి బలం చాలా తక్కువ పడుతుంది. స్నానం అయ్యాక గీసుకుంటే ఈ పని దానంతటదే అయిపోతుంది. నురగ పట్టించి, రేజర్‌ని చర్మానికి సుమారు 30 డిగ్రీల వాలులో ఆనించి, దాని బరువుతోనే కదలనివ్వండి. కార్ట్రిడ్జ్‌కి అలవాటుపడిన చెయ్యి తెలియకుండానే నొక్కేస్తుంది, మొదటి వారాల్లో వచ్చే గాట్లలో ఎక్కువ దీనివల్లే. మెడ మీద వెంట్రుకలు అన్నీ ఒకే దిశలో మొలవవు, కొన్ని పక్కకి, కొన్ని కింద నుంచి పైకి కూడా ఉంటాయి, కాబట్టి ఒకరోజు పెరిగిన గడ్డం మీద వేళ్లతో తడిమి ఎటు వాలుందో తెలుసుకుని అటే గీయండి. మెడ చర్మాన్ని లాగిపట్టొద్దు. మొదటి నెల ఒకే దిశ, రివర్స్ వద్దు. సాయంత్రానికి కాస్త గరుగ్గా తగులుతుంది, తగలనివ్వండి. 1 మీద గీస్తే బుగ్గల మీద మరీ మిగిలిపోతోందనుకుంటే అక్కడ మాత్రం ఒక్క అంకె పెంచి, అలాగే కనీసం వారం ఉంచి చూడండి, ఆ వారంలో బ్లేడూ క్రీమూ మార్చకండి, లేకపోతే మంట దేనివల్ల వచ్చిందో ఎప్పటికీ తేలదు.

ఆస్పిరిన్ సంగతి. గాటు పడితే రక్తం ఆగడానికి మామూలు కంటే కొంచెం ఎక్కువ సేపు పడుతుంది, అంతకు మించి టెన్షన్ పడక్కర్లేదు. శుభ్రమైన గుడ్డతో కదపకుండా ఐదారు నిమిషాలు గట్టిగా నొక్కిపట్టండి, మధ్యలో తీసి తీసి చూడకండి. పటిక గానీ స్టిప్టిక్ పెన్సిల్ గానీ తడిపి అద్దితే ఇంకా త్వరగా ఆగుతుంది, ఆ పటిక ముక్క కూడా మీ ఒక్కరిదే అయి ఉండాలి. షేవింగ్ గాట్ల కోసం ఆస్పిరిన్ మాత్రం ఆపొద్దు, గుండె డాక్టర్‌ని అడగకుండా ఒక్కరోజు కూడా. రక్తం గడ్డకట్టకుండా చేసే వార్ఫరిన్ లాంటి మందులు వాడేవాళ్లు అడిగి ఉంటే ఈ రేజర్ గొడవంతా వదిలేసి ఎలక్ట్రిక్ షేవర్ తీసుకోమని చెప్పేవాణ్ని.

గీసుకున్నాక చల్లటి నీళ్లు, వాసన లేని మాయిశ్చరైజర్ చాలు. ఆల్కహాల్ ఉన్న ఆఫ్టర్‌షేవ్ మంటని పెంచుతుంది. నల్లమచ్చలు తగ్గడానికి నెలలు పడతాయి, పగలు సన్‌స్క్రీన్ రాయకపోతే ఇంకా ఎక్కువ. అజెలాయిక్ యాసిడ్, అడాపలీన్ లాంటి క్రీములు ఉపయోగపడతాయి కానీ అడాపలీన్ చర్మాన్ని పొడిబారుస్తుంది, అది మొదలుపెట్టిన వారాల్లో రేజర్ 1 దాటకూడదు, డాక్టర్ చూశాకే వాడండి. ఎవరో చెప్పారని స్టెరాయిడ్ క్రీములు వారాల తరబడి ముఖానికి పూయడం ప్రమాదం.

గాయం మానిన చోట గడ్డలా ఉబ్బే కెలాయిడ్ తత్వం ఉన్నా, సొరియాసిస్ గానీ బొల్లి గానీ కొత్తగా వ్యాపిస్తున్నా, గడ్డం ప్రాంతంలో పులిపిర్లు ఉన్నా బ్లేడు జోలికి వెళ్లకండి, ప్రతి గాటూ వాటిని పెంచుతుంది. ఇవేవీ లేకుండా, చిన్న నంబరు మీద ఒకే దిశలో రెండు నెలలు గీసినా పొక్కులు అలాగే ఉంటే మీకు ఏ రేజరూ సరిపడదని అర్థం. అప్పుడు ట్రిమ్మర్‌తో సరిపెట్టుకోవడమో, వెంట్రుకలు తొలగించే లేజర్ చికిత్స గురించి చర్మవైద్యుడితో మాట్లాడటమో చేయాలి. వాడిన బ్లేడ్లని విడిగా చెత్తలో వేయకండి, మూత ఉన్న రేకు డబ్బాలో పోగుచేసి, అది నిండాక టేపు చుట్టి పారేయండి.