‘స్పెక్ట్’ పదాలు కలగాపులగం కాకుండా

ఇన్‌స్పెక్ట్, సస్పెక్ట్, ప్రాస్పెక్ట్ ఒకేలా కనిపించి పరీక్షలో తారుమారవుతున్నాయన్నారు కదండీ. బట్టీ పట్టడం మానేయండి. ‘స్పెక్ట్’ లాటిన్ నుంచి వచ్చింది, చూడటం అని అర్థం. ఇక ముందున్న ముక్కను పట్టుకుంటే చాలు. ‘ఇన్’ అంటే లోపలికి, కాబట్టి ఇన్‌స్పెక్ట్ తనిఖీ చేయడం. ‘ప్రో’ ముందుకు, ప్రాస్పెక్ట్ మున్ముందు ఉన్న అవకాశం. సస్పెక్ట్‌ది కాస్త తమాషా: అందులో ముందున్న ముక్క అసలు ‘సబ్’, అంటే కింద. కిందినుంచి ఓరగా చూడటమే అనుమానించడం అయింది. ఎక్స్‌పెక్ట్ కూడా ఈ కుటుంబమే. ఎక్స్‌లోనే ‘స’ శబ్దం ఉంది కాబట్టి స్పెల్లింగులో ఎస్ రాలిపోయింది, టెన్షన్‌లో దాన్ని మళ్లీ చేర్చకండి. ఇన్‌సెక్ట్‌ను మాత్రం ఇందులో కలపొద్దు. దాని మూలానికి అర్థం కోయడం. పురుగు ఒళ్లు ముక్కలుగా కోసినట్టు ఉంటుందని ఆ పేరు.