ఎస్ఎంపీఎస్ ఫ్యాన్ ఒక్కటే మార్చొచ్చా?

గరగరమంటున్న ఫ్యాన్ కోసం కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ పెట్టె మొత్తం కొనాలా అంటే, అక్కర్లేదు. ఫ్యాన్ ఒక్కటే మార్చొచ్చు. వారంటీ ఉంటే మాత్రం మూత తీయకండి.

అసలు భయం లోపల కరెంటు నిల్వ ఉంచుకునే పెద్ద కెపాసిటర్‌తోనే. ప్లగ్గు పీకేశాక కూడా అందులో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు. ప్రాణాల మీదికి వస్తుంది. దయచేసి సొంతంగా విప్పకండి, ఎలక్ట్రానిక్స్ రిపేరు తెలిసినవాళ్ళకే ఇవ్వండి.

కొత్త ఫ్యాన్ కొనేముందు పాతదాని స్టిక్కర్ చూడండి. 12 వోల్టులు, ఆంపియర్లు, సైజు కలవాలి. చాలావాటిలో 120 మిల్లీమీటర్లదే ఉంటుంది. మందం కూడా కొలవండి.

గాలి దిశ ముఖ్యం. చాలా ఫ్యాన్ల ఫ్రేము పక్కన చిన్న బాణం గుర్తు ఉంటుంది. పాతది ఎటు కొట్టేదో కొత్తదీ అటే కొట్టాలి. తిరగేసి బిగిస్తే ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, లోపలి భాగాలకు మాత్రం గాలి సరిగా అందదు.