సవరణ వేరు, ఖండన వేరు

ప్రశ్న: చీటింగ్ కేసులో ఫిర్యాదు చేసింది మా అన్నయ్య. ఓ దినపత్రిక జిల్లా పేజీలో ఆయన్నే నిందితుడని వేశారు. విలేకరికి ఫోన్ చేస్తే ‘ఖండన వేయిస్తాలెండి’ అన్నారు. వారమైంది, అతీగతీ లేదు.
– ఓ పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: ముందు ఆ ‘ఖండన’ మాట పక్కన పెట్టండి. ‘ఫలానావారు ఖండించారు’ అని వేస్తే అది మీ వాదన అవుతుంది, పత్రిక మాత్రం తన వార్త మీద నిలబడినట్టే. మీకు కావాల్సింది సవరణ. అంటే మేం రాసింది తప్పు, నిజం ఇదీ అని పత్రికే ఒప్పుకోవడం. అది మండల విలేకరి చేతిలో ఉండదు. సంపాదకుడికే రాయండి. ఆయన పేరు పత్రికలోనే, సాధారణంగా చివరి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఉత్తరం అర పేజీ చాలు. తేదీ, ఏ జిల్లా ఎడిషన్, ఎన్నో పేజీ, శీర్షిక రాయండి. తప్పు వాక్యం ఉన్నదున్నట్టు దించి, దాని కిందే సరైన వాక్యం రాయండి. ఎఫ్ఐఆర్ నకలు జత చేసి, ఫిర్యాదుదారు పేరున్న చోట గీత గీయండి. సున్నితమైన కేసులు తప్ప మిగతా ఎఫ్ఐఆర్‌లు పోలీసు వెబ్‌సైట్లలో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది కాబట్టి అక్కడ వెతకండి. కుట్ర, పరువు, కోర్టు అంటూ నాలుగు పేజీలు నింపితే మాత్రం అసలు తప్పేమిటో వార్తలు దిద్దే డెస్క్‌కు కనిపించదు.

అప్పటికీ కదలకపోతే ఢిల్లీలోని ప్రెస్ కౌన్సిల్ ఉంది. దినపత్రికలు, వారపత్రికల మీద అయితే వార్త వచ్చిన 2 నెలల్లోపు, మిగతా పత్రికల మీద 4 నెలల్లోపు ఫిర్యాదు చేయాలి. సంపాదకుడికి రాసిన ఉత్తరం నకలు, క్లిప్పింగ్, దాని ఇంగ్లిష్ అనువాదం, ఈ విషయం మీద కోర్టులో కేసు నడవడం లేదన్న ప్రకటన జతచేయాలి. కౌన్సిల్ హెచ్చరిస్తుంది, మందలిస్తుంది, అభిశంసిస్తుంది. జరిమానా వేసే అధికారం లేదు. టీవీ చానెళ్లు దాని పరిధిలోకి రావు.

ప్రశ్న: మా డెస్క్‌లో సవరణలన్నీ అంకెల దగ్గరే పడుతున్నాయి. ఎక్కడ జాగ్రత్త పడాలి?
– ఓ ట్రైనీ సబ్ ఎడిటర్, విజయవాడ

జవాబు: వరదల సీజన్‌లో మొదట చూడాల్సింది నీళ్ల లెక్క. ‘శ్రీశైలంలో 2 లక్షల క్యూసెక్కుల నీరు నిల్వ ఉంది’ అని విలేకరి కాపీ (రాసి పంపిన వార్త) వస్తే అక్కడే ఆగండి. క్యూసెక్కు ప్రవాహానికి కొలత, సెకనుకు ఒక ఘనపుటడుగు. నిల్వను టీఎంసీల్లో చెప్పాలి. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. లక్ష క్యూసెక్కులు 24 గంటలు ఆగకుండా వస్తే 8.64 టీఎంసీలవుతాయి. ఈ ఒక్క లెక్క గుర్తుంటే చాలా తప్పులు ఇట్టే దొరుకుతాయి. ఇన్‌ఫ్లో లక్ష క్యూసెక్కులంటూనే ‘ఒక్క రోజులో 40 టీఎంసీలు చేరాయి’ అని రాస్తే రెండింట్లో ఒకటి కచ్చితంగా తప్పు. 40 చేరాలంటే, చుక్క బయటికి వదలకపోయినా, దాదాపు 4.63 లక్షల క్యూసెక్కులు రావాలి.

వార్తా ఏజెన్సీ కాపీలో బిలియన్ కనిపిస్తే వంద కోట్లు అనుకోండి. 3.5 బిలియన్ డాలర్లంటే 350 కోట్ల డాలర్లు, 35 కోట్లు కాదు. రూపాయల్లోకి మార్చాక పక్కన ‘డాలర్లు’ అలాగే ఉండిపోయిందేమో కూడా చూడండి. పోలింగ్ 60 నుంచి 66 శాతానికి చేరితే పెరిగింది 6 శాతం పాయింట్లు. శాతంలో చెప్పాలంటే 10.

ప్రశ్న: వెబ్‌సైట్లో తప్పు దిద్దేశాక మళ్లీ ‘సవరించాం’ అని రాయడం అవసరమా?
– ఓ పాఠకుడు, వరంగల్

జవాబు: అచ్చుతప్పుకు అక్కర్లేదు. పేరు, అంకె, హోదా, నేరారోపణ మారితే తప్పనిసరిగా రాయాలి. ముందు ఏముంది, ఇప్పుడేం మార్చారు, ఎప్పుడు మార్చారు అన్నది వార్త పైనే ఉండాలి. ఎందుకంటే పాత శీర్షిక స్క్రీన్‌షాట్ అప్పటికే వాట్సాప్ గ్రూపులెక్కి ఉంటుంది. దాన్ని పట్టుకుని సైట్‌కు వచ్చినవాళ్లకు అక్కడ వేరే మాట కనిపిస్తే, వార్త మాయం చేశారనుకుంటారు. పాత శీర్షికతో ఫోన్లకు అలర్ట్ వెళ్లి ఉంటే సవరణతో ఇంకో అలర్ట్ పంపాలి. చాలాచోట్ల మర్చిపోయేది ఇదే.