పోకర్‌కు ప్రధాన అంతర్జాతీయ క్రీడల్లో చోటు దక్కుతుందా?

ఒలింపిక్స్‌లో ఇప్పట్లో దక్కదనే నా అభిప్రాయం. కానీ ఆసియా క్రీడల్లో 2006లో చదరంగానికి, 2018లో పేకముక్కలతోనే ఆడే బ్రిడ్జికి పతకాలు ఇచ్చారు గనుక, అటువంటి వేదికలపై ఆ అవకాశాన్ని కొట్టిపారేయలేము. పోకర్‌పై ప్రధాన అభ్యంతరాలు పందెం సొమ్ము, చేతికొచ్చే ముక్కల అదృష్టం. మ్యాచ్ పోకర్ అనే పద్ధతి ఈ రెండింటికీ గట్టి సమాధానమే చెబుతుంది: పందెం డబ్బు లేకుండా, ప్రతి బల్లపైనా ఒకే సంఖ్య గల స్థానంలో కూర్చున్నవారికి అవే ముక్కలు పంచి, వాటితో ఎవరు ఎక్కువ చిప్స్ (డబ్బుకు బదులు వాడే ఆట బిళ్లలు) రాబట్టారో పోల్చి జట్లకు పాయింట్లు ఇస్తారు. ఈ ఆట సమాఖ్యకు 2017లో, అప్పటి అంతర్జాతీయ క్రీడా సమాఖ్యల ఉమ్మడి సంఘంలో పరిశీలక హోదా లభించింది. అది ఒలింపిక్ కమిటీ గుర్తింపు కాదు. ఆ గుర్తింపు ఉన్న చదరంగం, బ్రిడ్జి సైతం ఇంకా ఒలింపిక్ పతక క్రీడలు కాలేదు.