కింది ఆకులు పండిపోతుంటే మందు కొట్టాలా?

ప్రశ్న: డాబా మీద కుండీల్లో టమాటా వేశాం. కాపు బాగుంది గానీ కింది ఆకులు ఒక్కొక్కటే పసుపు రంగుకి తిరిగి రాలిపోతున్నాయి. నర్సరీ అతను హార్మోన్ మందు కొట్టమంటున్నాడు. కొట్టమంటారా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు టెన్షన్ మానండి. కాయ ఊరేటప్పుడు ముదురు ఆకులు పండటం రోగం కాదండీ, మొక్క కావాలని చేసే పనే. ఆకులోని ప్రోటీన్‌లో సగానికి పైగా పత్రహరితం ఉండే క్లోరోప్లాస్టుల్లోనే ఉంటుంది. పై ఆకుల నీడ పడి కింది ఆకు సంపాదన తగ్గాక, మొక్క ఆ ప్రోటీన్‌ని విడగొట్టి నత్రజనిని, దాంతోపాటు భాస్వరం, పొటాష్‌ని కూడా కాయలకీ లేత ఆకులకీ పంపేస్తుంది. పండుతున్న ఆకుని ఎండకెదురుగా పట్టి చూడండి, మధ్యలో పసుపొచ్చినా ఈనెల వెంబడి పచ్చదనం ఇంకా ఉంటుంది, సరుకు బయటికి వెళ్లేది ఆ దారినే మరి.

ఇందులో కాయల్ని మాగబెట్టే ఎథిలీన్ వాయువుకి పెద్ద చెయ్యే ఉంది. ఆవాల కుటుంబానికే చెందిన అరబిడాప్సిస్ మొక్కలో చూస్తే, ఆకుని పండించే ఓఆర్‌ఈ-1 అనే జన్యువు ఆకు లేతగా ఉన్నన్నాళ్లూ ఒక చిన్న ఆర్‌ఎన్‌ఏ (జన్యువుల్ని అదుపు చేసే అణువు) కింద అణిగి ఉంటుంది, వయసు మీదపడేకొద్దీ ఆ ఆర్‌ఎన్‌ఏ తగ్గుతుంది, ఎథిలీన్ ఆ జన్యువుని ఎగదోస్తుంది, ఆకు పండుతుంది. నీళ్లకి కటకటైతే అబ్సిసిక్ ఆమ్లం అనే మరో హార్మోన్ కూడా తోడవుతుంది. వీటికి అడ్డుపడి ఆకుని పచ్చగా ఉంచే హార్మోన్ సైటోకైనిన్. 1995లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో గాన్, అమాసినో అనే శాస్త్రవేత్తలు పొగాకు మొక్కలో సైటోకైనిన్ తయారుచేసే జన్యువుని, ఆకు ముదరడం మొదలైతేనే తెరుచుకునే స్విచ్చికి తగిలించారు. ముదరబోతే హార్మోన్ పుడుతుంది, పుట్టగానే ముదరడం ఆగుతుంది, ఆగితే స్విచ్ మూసుకుంటుంది! తెలివంటే అదీ.

అలాగని ఆకు ఎంత పచ్చగా ఉంటే అంత లాభమనుకోకండి. గోధుమలో ఆకుల్ని పండించే జన్యువుల్ని అణిచేస్తే ఆకులు మూడు వారాలకు పైగా ఆలస్యంగా పండాయి, కానీ గింజలో ప్రోటీన్, జింక్, ఇనుము 30 శాతానికి పైగా పడిపోయాయని 2006లో తేలింది.

కాబట్టి మందు వద్దు. కాపుకి రాకముందే మొక్కంతా కింది నుంచి పాలిపోతే నత్రజని తక్కువైనట్టు, కాస్త ఎరువు వేయండి. పసుపు కొత్త చిగుళ్లలో కనబడి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము లోపం. ఆకు మీద వలయాల్లాంటి గోధుమ రంగు మచ్చలుంటే మాత్రం తెగులే, ఆ ఆకులు తుంచి దూరంగా పారేయండి.